మందు కావాలి (తాగేది కాదు!) – ఐఎంఆర్ 4451 ఎవరి దగ్గరైనా మిగిలిందా?

రెండోరింగు (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. టైటిల్ చూసి వీకెండ్ పార్టీ అనుకుని వచ్చినవాళ్ళు వెనక్కి వెళ్ళిపోవచ్చు, ఇది తుపాకి మందు గోల, అంటే తూటాలు ఇంట్లోనే మళ్ళీ నింపుకోవడానికి (రీలోడింగ్) వాడే పౌడర్.

నేను 6.5 క్రీడ్‌మోర్ రైఫిల్‌తో 600 గజాల మ్యాచ్‌లకి వెళ్తుంటాను. 2021లో హెచ్ 4350 అనే పౌడర్ ఎక్కడా దొరకని రోజుల్లో ఒక షాపులో షెల్ఫ్ మొత్తం ఖాళీగా ఉండి ఒక మూల ఐఎంఆర్ 4451 అనే ఇంకో పౌడర్ మాత్రం నాలుగు డబ్బాలు కనిపిస్తే, సరే ఏదో ఒకటి అని అయిష్టంగానే కొన్నాను. కానీ నా రైఫిల్‌కి అది ఎంత నచ్చిందంటే, హెచ్ 4350తో కష్టపడి తెచ్చుకున్న గ్రూపు (గుళ్ళు అంత దగ్గరదగ్గరగా పడటం) దీంతో రెండో రోజే వచ్చింది. ఇక్కడి ఎండల్లో కూడా స్పీడు పెద్దగా మారలేదు. గొట్టంలో రాగి కూడా తక్కువే పట్టేది. తర్వాత రెండుసార్లు దొరికింది, కొన్నాను. ఆ తర్వాత అడిగితే షాపువాడు నవ్వి "అది ఆపేశారు కదా" అన్నాడు.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఒకటిన్నర పౌండు. అక్టోబరు దాకా నాలుగు మ్యాచ్‌లు ఉన్నాయి, ప్రాక్టీసు వేరే. లెక్క వేసి చూస్తే పొయ్యి మీద ఎసరు పెట్టాక డబ్బాలో బియ్యం చూసుకున్నట్టుంది నా పని.

మార్పిడికి నా దగ్గర వేరే పౌడర్లు, సీలు తీయని వార్గెట్ 8 పౌండ్ల డబ్బా ఒకటి, ట్రైల్ బాస్ రెండు చిన్న డబ్బాలు ఉన్నాయి. డబ్బులైనా సరే. డల్లాస్ నుంచి నాలుగు గంటల్లో ఎక్కడికైనా నేనే కారేసుకుని వస్తాను.

పక్క మాట: నిన్న ఫోన్లో ఫ్రెండుతో "మందు దొరకట్లేదురా, ఎక్కడైనా స్టాకు ఉంటే చెప్పు" అంటుంటే ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు విన్నారు. ఇంట్లో వాతావరణం ఇంకా చల్లబడలేదు.

---

పాతకాపు (శాన్ ఆంటోనియో)

తమ్ముడూ, అత్తగారికి ముందు డబ్బా చూపించు, తర్వాత మిగతాది మాట్లాడదాం.

4451 ఒక్కటే కాదు, ఎండ్యురాన్ అని పేరు పెట్టి తెచ్చిన ఆ కుటుంబం మొత్తం పోయింది. 4166, 4451, 7977 మొదట వచ్చాయి, తర్వాత 4955, 8133 వచ్చాయి. కెనడాలో వ్యాలీఫీల్డ్‌లో తయారయ్యేవి. ఎండకి చలికి మారకుండా ఉండటం, గొట్టంలో రాగి పట్టకుండా ఏదో కలపడం, రెండూ ఒకే పౌడర్‌లో అని అప్పట్లో బాగా ఊదరగొట్టారు. జనం మాత్రం హెచ్ 4350, వార్గెట్ దొరికినన్నాళ్ళు వీటి వంక చూడలేదు. కరువులో కొన్నారు, కరువు కొంచెం తగ్గగానే వదిలేశారు. అమ్ముడుపోని సరుకు కంపెనీ ఎన్నాళ్ళు చేస్తుంది?

వెతకాల్సింది పెద్ద ఆన్‌లైన్ షాపుల్లో కాదు. వాళ్ళ దగ్గర ఉంటే ఎప్పుడో ఊడ్చేసి ఉంటారు. చిన్న ఊళ్ళ హార్డ్‌వేర్ షాపులు చూడు, వెనక గదిలో చేపల గాలాల పక్కన రెండు షెల్ఫులు రీలోడింగ్ సామాను ఉంటుంది చూశావా, అక్కడ. ఎక్కువమంది కొనని పౌడర్లు అక్కడే దుమ్ము పట్టి ఉంటాయి, కొన్నిసార్లు పాత ధర స్టిక్కరుతోనే. అక్కడికి ఫోన్ చేసి అడగొద్దు. "లేదు" అని పెట్టేస్తారు. వాళ్ళకి వార్గెట్ ఉందా అన్న ఫోన్లే రోజుకి ఇరవై వస్తాయి. స్వయంగా వెళ్ళు, ఏదో ఒక ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే టోపీ) డబ్బా కొను, అప్పుడు అడుగు.

రెండోది, మీ క్లబ్బు నోటీసు బోర్డు మీద కాగితం అంటించు. ఇంటర్నెట్ ముఖం చూడని ముసలాయనల దగ్గరే అసలు నిధి ఉంటుంది. మూడోది, మ్యాచ్ అయ్యాక పార్కింగ్‌లో పదిహేను నిమిషాలు ఊరికే నిలబడు. నా సగం పౌడర్ అలా ట్రక్కుల వెనక తలుపు మీద బేరమాడినదే.

---

సందేహాలరావు (కమ్మింగ్, జార్జియా)

అన్నా నాకో డౌటు. 4451 లేకపోతే ఐఎంఆర్ 4350 వాడొచ్చుగా, అదీ అదే కంపెనీ, దాదాపు అదే స్పీడులో కాలుతుందంటారు. హెచ్ 4350కి ఎంత పోయాలో రాసుకున్న లెక్కే దానికీ వేసేస్తే పోలా? నంబరు ఒకటే కదా.

---

బెంచ్‌బాబాయ్ (ఒహాయో)

పోతుంది, నిజంగానే పోతుంది. రైఫిలో, వేళ్ళో, కన్నో.

బాబూ, నంబరు ఒకటైతే పౌడర్ ఒకటి కాదు. ఇది ముందు బుర్రలో పెట్టుకో. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రూస్ హాజ్‌డన్ అనే ఆయన గవర్నమెంటు దగ్గర మిగిలిపోయిన పౌడర్ టోకున కొని, పాత రైలు పెట్టెలో నిలవపెట్టి రీలోడర్లకి అమ్మడం మొదలెట్టాడు. ముందు 4895, తర్వాత 20 మిల్లీమీటర్ల ఫిరంగి తూటాల నుంచి తీసిన 4831. అదే హెచ్ (అంటే హాజ్‌డన్) 4831 అయింది. జనం దానికి అలవాటు పడ్డాక 1970ల్లో డ్యూపాంట్ వాళ్ళు ఐఎంఆర్ 4831 అని వదిలారు. అదేమో దీనికంటే త్వరగా కాలుతుంది. హెచ్ లెక్క చూసి ఐఎంఆర్ పోసుకుంటే ప్రెషర్ ఎక్కడికి పోతుందో ఊహించుకో. అక్కయ్యా చెల్లెలూ ఒకే ఇంటిపేరు పెట్టుకున్నంత మాత్రాన ఒకే మనిషి అయిపోరు కదా.

4350లోనూ అంతే. హెచ్ 4350, ఐఎంఆర్ 4350, యాక్యురేట్ 4350 మూడూ మూడు రకాలు.

దీనికి తిరగేసిన కేసులు కూడా ఉన్నాయి, అక్కడ వేరు పేర్ల కింద ఒకటే సరుకు. హెచ్‌పీ 38, వించెస్టర్ 231 ఒకటే. హెచ్ 110, వించెస్టర్ 296 ఒకటే. హెచ్ 414, వించెస్టర్ 760 ఒకటే. పాత డబ్బా వెతుక్కునేవాడికి ఇది తెలిస్తే సగం వేట తప్పుతుంది. అయినా ఏ లేబుల్ ఉంటే ఆ లేబుల్ పేరుతో ఉన్న డేటాయే చూడు, లాటు (ఒకేసారి తయారైన సరుకు) మారితే తక్కువ కొలతతో, కింద నుంచి మళ్ళీ మొదలుపెట్టు. నేను నలభై ఏళ్ళుగా చేస్తున్నా, ఇప్పటికీ డబ్బా మారితే కింద నుంచే మొదలు.

---

మెల్‌బోర్న్‌మామ (మెల్‌బోర్న్)

మీ హెచ్ 4350 గొడవ చూస్తే నాకు నవ్వొస్తుంది. అది తయారయ్యేది మా దగ్గరే, న్యూ సౌత్ వేల్స్‌లో మల్వాలా అనే ఊళ్ళో. మా షాపులో దాని పేరు ఏఆర్ 2209. మీ వార్గెట్ మాకు ఏఆర్ 2208, మీ హెచ్ 4895 మాకు ఏఆర్ 2206హెచ్, మీ హెచ్ 1000 మాకు ఏఆర్ 2217. మీ ట్రైల్ బాస్ కూడా ఇక్కడిదే. అమెరికాలో మీరు ఎగబడి కొంటుంటే మాకేదో గుట్టలుగా పడి ఉంటుందనుకుంటారేమో, ఇక్కడా కరువే. మూడు షాపులు తిరిగితే ఒక డబ్బా.

ట్రైల్ బాస్ రెండు డబ్బాలున్నాయా నీ దగ్గర? దాన్ని ఎవరికీ తేలిగ్గా ఇవ్వకు. దాని తయారీ ఆపి ఏళ్ళయింది.

---

రెండోరింగు

మామా, ట్రైల్ బాస్ మా అబ్బాయి కోసం కొన్నా, పాత లీవర్ రైఫిల్‌లో మెల్లగా కాల్చడానికి. వాడు మొదటిసారి డబ్బాలోకి చూసి "నాన్నా, చిన్న చిన్న గారెలు" అన్నాడు. నిజమే, మధ్యలో చిల్లుతో అచ్చం గారెలే. ఇప్పుడు వాడు తుపాకి వదిలేసి గిటారు పట్టుకున్నాడు, అందుకే అమ్మేస్తున్నా.

---

కొత్తచేయి (ప్లేనో)

ఆ చిన్న గారెల సంగతి బాగుంది. మరి మిగతావి ఎలా ఉంటాయి? నేను ఇంకా మొదలుపెట్టలేదు, తూటాలు నింపే ప్రెస్ కొందామని చూస్తున్నా. హెచ్1బీ మీద ఉన్నాను, పౌడర్ కొనడానికి ఏమైనా కాగితాలు అడుగుతారా?

---

పాతకాపు

ఆగు ఆగు. ప్రెస్ కొనకముందే అడిగావు, మంచి పని చేశావు.

హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అందులో వేట లైసెన్సు ఒకటి. దాని సంగతి నేను చెప్పకూడదు, నువ్వు నా మాట నమ్మకూడదు. ఇమిగ్రేషన్, తుపాకి చట్టం రెండూ తెలిసిన లాయరుకి ఫీజు కట్టి అడుగు. "మా రూమ్మేట్ కొన్నాడు, ఏమీ కాలేదు" అనే మాట నమ్మి గ్రీన్‌కార్డు ఫైలు మీదకి తెచ్చుకోకు. ప్రెస్ ఎక్కడికీ పోదు, రెండేళ్ళ తర్వాత కొనుక్కోవచ్చు.

పౌడర్ ఎలా ఉంటుందంటావా, పొడుగు గింజవి తరిగిన సేమియాలా ఉంటాయి, బాల్ పౌడర్ గసగసాల్లా, ఫ్లేక్ పౌడర్ నలిగిన అటుకుల్లా. వంటింటి వాసన మాత్రం రాదు.

---

ఎడారిఅన్న (ఫీనిక్స్)

రెండోరింగు, నా దగ్గర 4451 పౌండు డబ్బా ఒకటి ఉంది, ముప్పావు నిండుగా. పోస్టులో వేసేయనా? మామూలు డబ్బాలో, పైన "పచ్చళ్ళు" అని రాస్తే ఎవడూ చూడడు 😀

---

కాపలాదారు (మోడరేటర్)

ఎడారిఅన్న గారూ, జోకే అనుకుంటున్నా, అయినా చెప్పాల్సిందే. పౌడర్ యూఎస్ పోస్టులో పంపకూడదు, పూర్తిగా నిషేధం. మిగతా కొరియర్ల ద్వారా పంపాలన్నా ప్రమాదకర సరుకు పంపే ఏర్పాటు, ప్యాకింగు, కాగితాలు ఉన్నవాళ్ళే పంపాలి. అందుకే షాపులు హాజ్‌మ్యాట్ ఫీజు వేస్తాయి. మామూలు మనిషి మామూలు అట్టపెట్టెలో పెట్టి కౌంటరులో ఇస్తే అది ఫెడరల్ కేసు. విమానం కడుపులోకి అది చేరితే ఏమవుతుందో ఆలోచించండి.

ఈ వేదికలో మార్పిడి అంటే ఎదురెదురుగా నిలబడి చేతికి చేయి ఇచ్చుకోవడమే. "పంపిస్తా", "ప్యాక్ చేస్తా" అని ఉన్న పోస్టులు ఇకమీదట తీసేస్తాను. మూత తీసిన డబ్బా అమ్మడం, కొనడం మీ ఇష్టం, కానీ దాని గురించి ఇక్కడ పొగడొద్దు.

---

ఎడారిఅన్న

జోకేనండి. సారీ. డబ్బా మాత్రం నిజంగానే ఉంది, ఎవరైనా ఫీనిక్స్ వస్తే చూద్దాం.

---

తుప్పుతుపాకి (పెన్సిల్వేనియా)

మూత తీసిన డబ్బా అన్నారు కాబట్టి పోయిన ఏడాది నా అనుభవం ఒకటి చెప్తాను, కొంచెం పెద్దది.

మా క్లబ్బులో ఒక పెద్దాయన పోయారు. ఎనభై దాటారు, సీసపు గుళ్ళు ఇంట్లోనే పోతపోసుకుని పాత మిలిటరీ రైఫిళ్ళతో 200 గజాల్లో కాల్చేవారు. ఆయన భార్య క్లబ్బుకి ఫోన్ చేసి "బేస్‌మెంట్‌లో ఉన్నవేంటో నాకు తెలీదు, భయంగా ఉంది, ఎవరైనా వచ్చి తీసుకెళ్ళండి" అంది. నేనూ ఇంకొకాయనా వెళ్ళాం. నా ఆశ వేరే, నిజం చెప్పాలంటే. ఆయన దగ్గర ఎస్ఆర్ 4759 ఉంటుందని నాకు తెలుసు. సీసపు గుళ్ళకి, మెల్లని లోడ్లకి దాన్ని మించింది లేదు. దాన్ని ఆపేసి పదేళ్ళు దాటింది, ఎస్ఆర్ 4756, ఎస్ఆర్ 7625, పీబీ, అన్నీ ఆ కాలంలోనే పోయాయి.

బేస్‌మెంట్ చల్లగా, పొడిగా ఉంది. చెక్క అలమర, దానికి తాళం. లోపల పదకొండు డబ్బాలు. పాత హెర్క్యులీస్ అట్ట డబ్బా ఒకటి, డ్యూపాంట్ రేకు డబ్బాలు మూడు, మిగతావి ప్లాస్టిక్. ఒక్కో దాని మీద పెన్సిల్‌తో మూత తీసిన తేదీ రాసుకున్నారు ఆయన. ఇక్కడే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

తెల్ల కాగితం పరిచి ఒక్కోటీ కొంచెం పోసి చూశాం. బాగున్న పౌడర్‌కి ఒక రకం సాల్వెంట్ వాసన, గోళ్ళ రంగు తుడిచే ద్రావకానికి దూరపు చుట్టంలా ఉంటుంది. గింజలు నల్లగా మెరుస్తూ, కాగితం వంచితే జారిపోతాయి, వెనక మరక ఉండదు. 4759 రెండు డబ్బాలు అలాగే ఉన్నాయి. మూడో రేకు డబ్బా మూత తిప్పగానే ముక్కు వెనక్కి లాక్కుంది. యాసిడ్ వాసన. మూత లోపల తుప్పు, కాగితం మీద పోస్తే గింజల మధ్య ఇటుక పొడి లాంటి ఎర్రటి దుమ్ము. అది చచ్చిన పౌడర్. లోపలున్న స్టెబిలైజర్ అయిపోయాక అది తనంతట తానే కుళ్ళుతుంది, ఆ ఆవిరి పక్కనున్న రేకునీ ఇత్తడినీ తినేస్తుంది. అదే డబ్బాతో ఆయన ఎప్పుడో చేసిపెట్టిన యాభై తూటాల పెట్టె కూడా దొరికింది. కేసుల మెడల దగ్గర ఆకుపచ్చ కిలుము, నాలుగైదింటికి చీలికలు.

అన్నిటికంటే భయం వేసింది దేనికంటే, ఒక మయొనేజ్ సీసా. మీద టేపు అంటించి "4350?" అని రాసి ఉంది. ప్రశ్నార్థకం ఆయనే పెట్టారు. అంత జాగ్రత్త మనిషి కూడా ఏదో ఒక రోజు బద్ధకించాడన్నమాట.

చచ్చినదీ, సీసాలోదీ కలిపి ఒకటిన్నర పౌండు ఉంటుంది. ఆవిడ అనుమతి అడిగి పెరట్లో గడ్డి మీద విత్తనాలు చల్లినట్టు పల్చగా చల్లేశాను. అందులో ఉన్నది నత్రజనే కదా. నెల తర్వాత వెళ్తే అక్కడ గడ్డి చారలు చారలుగా పచ్చగా ఉంది.

4759 రెండు డబ్బాలకి, మిగతావాటికి ఇప్పటి ధర కట్టి ఆవిడకి ఇచ్చాం. "ఇంతా?" అంది. మొన్నో ఎస్టేట్ సేల్‌లో (పోయినవాళ్ళ సామాను అమ్మకంలో) ఇలాంటి ఇంటికే వెళ్ళి మొత్తం ఇరవై డాలర్లకి ఎత్తుకొచ్చినవాడు గొప్పగా చెప్పుకుంటుంటే విన్నాను. ఏమనాలో తెలీలేదు, లేచి వచ్చేశాను.

---

సందేహాలరావు

ఎర్ర దుమ్ము అంటే గుర్తొచ్చింది, ఐఎంఆర్ 4007 ఎస్ఎస్‌సీ కొన్ని లాట్లు ఇలాగే త్వరగా పాడవుతున్నాయని కంపెనీ వెనక్కి పిలిచింది కదా. అదీ ఆపేసిన పౌడరే.

---

తుప్పుతుపాకి

అవును. అందుకే పాత డబ్బా ఏది కొన్నా ముందు లాటు నంబరు తీసుకుని రికాల్ ఉందేమో చూడాలి. నంబరు చెరిగిపోయిన డబ్బా నాకు ఉచితంగా ఇచ్చినా వద్దు.

---

పత్తిచేను (రాలీ, నార్త్ కెరొలినా)

దారి తప్పిస్తున్నందుకు క్షమించాలి. ఈ పౌడర్‌కి మూలం నైట్రోసెల్యులోజ్, దాన్ని చేసేది పత్తి లింటర్ నుంచో చెక్క గుజ్జు నుంచో. లింటర్ అంటే జిన్నింగ్ అయ్యాక గింజ మీద మిగిలే పొట్టి నూగు. మా నాన్న గుంటూరు దగ్గర జిన్నింగ్ మిల్లులో గుమస్తా. చిన్నప్పుడు సెలవుల్లో వెళ్తే జుట్టంతా ఆ నూగే, అమ్మ గుమ్మంలోనే దులిపేది. గన్ కాటన్ అని 1846లో షాన్‌బైన్ కనిపెట్టింది ఇదే వస్తువుని. ఆ మిల్లు రోజులకి ఇరవై ఏళ్ళ తర్వాత ఇక్కడ రీలోడింగ్ బెంచి ముందు కూర్చుని డబ్బా వెనక చిన్న అక్షరాలు చదువుతుంటే, అరె ఇది మన నూగే కదా అనిపించింది.

ఇప్పటి కరువుకి కూడా అదే కారణం. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుండ్లకి నైట్రోసెల్యులోజ్ మొత్తం అటు పోతోంది. 2024 మొదట్లో అలయంట్ అనే పౌడర్ కంపెనీ వాళ్ళు రీలోడర్లకి పౌడర్ అమ్మడం కొంతకాలం ఆపేస్తున్నామన్నారు గుర్తుందా? సైన్యం అడుగుతుంటే మన పౌండు డబ్బా ఎవరికి గుర్తుంటుంది.

---

చాదర్‌ఘాట్ (హైదరాబాద్)

ఇవన్నీ చదువుతుంటే నోరూరుతోంది. ఇక్కడ మనం రీలోడ్ చేసుకోవచ్చా భాయ్?

---

బెంచ్‌బాబాయ్

వద్దు నాయనా. అక్కడ తూటా తయారు చేయడానికే ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, ఇంట్లో హాబీగా చేసే పని కాదు. క్లబ్బులో ఎక్కువగా కాల్చేది .22 కదా, అది రిమ్‌ఫైర్ (నిప్పు పుట్టించే మందు కేసు అంచులోనే ఉండేది), దాన్ని ఎవరూ రీలోడ్ చేయరు. మన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో, అందులో మందే లేదు, ఉత్త గాలి. నీకు పౌడర్ టెన్షన్ లేదు, హాయిగా పది పాయింట్ తొమ్మిది (ఒక షాట్‌కి వచ్చే పెద్ద స్కోరు) మీద దృష్టి పెట్టు.

---

లాభంనష్టం (హ్యూస్టన్)

4451 నా దగ్గర ఆరు పౌండ్లు ఉన్నాయి, సీలు తీయనివి, ఒకటే లాటు. పౌండు 120 డాలర్లు. బేరం లేదు.

---

పాతకాపు

పౌండు ముప్పై చిల్లరకి కొన్నది 120కా? సిగ్గుండాలి.

---

లాభంనష్టం

పెద్దాయనా, కొన్నప్పుడు నా డబ్బు పెట్టాను, ఇన్నేళ్ళు నా ఇంట్లో ఏసీలో ఉంచాను. కొత్త పౌడరే ఇప్పుడు యాభై దాటింది, టాక్సు హాజ్‌మ్యాట్ వేరే. ఎవరూ చేయనిది, ఇక రానిది, దానికి ఎంత అడగాలో మీరు చెప్పండి. మార్కెట్ అంటే ఇదే. మామిడికాయలు సీజన్ అయిపోయాక ఎంతకి కొంటారు?

---

బెంచ్‌బాబాయ్

మామిడికాయతో పోల్చావు కాబట్టి చెప్తున్నా, సీజన్ అయ్యాక మామిడికాయ కొనేవాడు పిచ్చివాడైనా ఉండాలి, కడుపుతో ఉన్న కూతురైనా ఉండాలి. ధర నీ ఇష్టం, నేను తప్పనను. కానీ రెండోరింగూ, ఆరు పౌండ్లకి 720 డాలర్లు పెట్టేముందు ఒక్క మాట. ఆ డబ్బుకి ఇంకో పౌడర్, స్టాబాల్ 6.5 గానీ, రీలోడర్ 16 దొరికితే అది గానీ, వీటావూరి ఎన్ 555 గానీ తెచ్చుకుని, ఒక శనివారం పొద్దున్న కూర్చుని కొత్త లోడ్ కట్టుకోవచ్చు. ఆరు పౌండ్లు అయిపోయాక మళ్ళీ ఇదే పోస్టు పెడతావు.

---

కాపలాదారు

ధర మీద వాదన ఇక్కడితో ఆపండి. నచ్చితే కొనండి, నచ్చకపోతే వదిలేయండి. ఒకరి సిగ్గు లెక్క ఇంకొకరు చూడక్కర్లేదు. నిలవ గురించి మాత్రం గుర్తుచేస్తున్నా, చాలా ఊళ్ళ ఫైర్ కోడ్ ప్రకారం ఇంట్లో అసలు డబ్బాల్లో 20 పౌండ్ల దాకానే. అంతకుమించి 50 దాకా ఉంచాలంటే అంగుళం మందం చెక్కపెట్టె ఉండాలి. మీ ఊరి రూల్ కనుక్కోండి. బిగుతుగా మూసుకునే ఇనప పెట్టెలో, తుపాకుల సేఫ్‌లో పెట్టొద్దు. నిప్పంటుకుంటే ఊరికే కాలిపోవాల్సింది బాంబు అవుతుంది. టెక్సస్ వాళ్ళకి ప్రత్యేకంగా: గరాజ్ వద్దు.

---

రెండోరింగు

అందరికీ థాంక్స్. అప్‌డేట్, కొంచెం పెద్దదే.

పాతకాపు అన్న చెప్పినట్టు క్లబ్బు బోర్డు మీద కాగితం అంటించా. మూడు వారాలు ఎవరూ అడగలేదు. నాలుగో వారం ఎబిలీన్ దగ్గర నుంచి ఒకాయన ఫోన్, ఆయన అల్లుడు మా క్లబ్బులో కాలుస్తాడట, కాగితం ఫొటో తీసి పంపాడట. తన దగ్గర 4451 ఉందని, తనకి కళ్ళు సరిగా కనిపించక దూరపు మ్యాచ్‌లు మానేశానని అన్నాడు. డబ్బులు వద్దు, ట్రైల్ బాస్ ఉంటే ఇవ్వు, మనవళ్ళతో కాల్చుకుంటా అన్నాడు.

ఆదివారం పొద్దున్నే బయలుదేరా. మూడు గంటల పైన. వెనక సీట్లో ఐసు లేకుండా కూలర్ పెట్టుకున్నా, వచ్చేటప్పుడు ఎండకి డబ్బాలు వేడెక్కకుండా. ఆ కూలర్‌లో పోయిన వారం పిక్నిక్ బిర్యానీ వాసన ఇంకా పోలేదు. అక్కడి రేంజ్‌లో నీడన బల్ల మీద డబ్బాలు పరిచాడు. నాలుగున్నాయి. మూడింటికి సీలు ఉంది, లాటు నంబర్లు చదవచ్చు, రెండు ఒకటే లాటు, మూడోది వేరు. నాలుగోది సగం వాడినది. ఆయన మంచివాడే, అబద్ధం ఆడే మనిషిలా లేడు, కానీ తుప్పుతుపాకి గారి మయొనేజ్ సీసా గుర్తొచ్చింది. "అది మీరే ఉంచుకోండి" అన్నా. ఆయన ఒక క్షణం చూసి, నవ్వి, "నేనూ నీ వయసులో తీసుకునేవాణ్ణి కాదు" అన్నాడు. రెండు ట్రైల్ బాస్ ఇచ్చి మూడు 4451 తీసుకున్నా. మూడోదానికి ఎంతో కొంత తీసుకోమంటే ఒప్పుకోలేదు. మా ఇంటి నుంచి తెచ్చిన కాజాలు మాత్రం తీసుకున్నాడు.

తర్వాత రెండు లాట్లూ క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే యంత్రం) మీద చూశా, కింద నుంచి మొదలుపెట్టి. నా పాత డబ్బాతో నా లోడ్ సెకనుకి 2,720 అడుగుల చుట్టూ ఉండేది. అదే బరువు పోస్తే కొత్త రెండు డబ్బాల లాటు 2,690 దగ్గర ఆగింది, మూడోది పాతదానికి దగ్గరగా ఉంది. ఒకే పేరు, ఒకే కంపెనీ, అయినా ముప్పై అడుగుల తేడా. 600 గజాల్లో అది రింగు మారడానికి సరిపోతుంది. బాబాయ్ డబ్బా మారితే కింద నుంచి అని ఎందుకన్నారో ఇప్పుడు అర్థమైంది, అప్పుడు చాదస్తం అనుకున్నా.

లెక్క ఇదీ. ఒకే లాటు ఉన్న రెండు పౌండ్లు ఈ సీజన్ మ్యాచ్‌లకి. పాత ఒకటిన్నర, వేరే లాటు ఒక పౌండు ప్రాక్టీసుకి, ఒకదాంట్లో ఒకటి కలపకుండా. ఈ లోపు స్టాబాల్ 6.5 ఒక డబ్బా కొన్నా. మొదటి రోజు గ్రూపు చూస్తే ఏడుపొచ్చింది, రెండో రోజు పర్వాలేదు.

---

బెంచ్‌బాబాయ్

స్టాబాల్ బాల్ పౌడర్, తూకం యంత్రంలో నీళ్ళలా జారుతుంది. ఒకసారి అలవాటు పడితే ఆ సేమియా ముక్కలు మళ్ళీ ముట్టుకోవు చూడు.

---

పాతకాపు

ఇంతకీ అత్తగారు?

---

రెండోరింగు

డబ్బా చూపించాను అన్నా. చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని లేబుల్ మొత్తం చూసి, "దీనికోసమా మూడు గంటలు వెళ్ళావు? ఆ తాగేదే నయం, పక్క వీధిలో దొరుకుతుంది" అన్నారు.

వార్గెట్ 8 పౌండ్లు ఇంకా నా దగ్గరే ఉంది. సీలు తీయలేదు, డల్లాస్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే చెప్పండి.